ఎల్డర్‌బెర్రీలు ఇంట్లో వండుకోవాలంటే: గుత్తి కోసిన దగ్గర్నుంచి గిన్నె దాకా

మీరు అడిగింది ఇదీ: హాంబర్గ్ వచ్చి మూడు నెలలైంది. అపార్ట్‌మెంట్ వెనక కాలువ గట్టున నల్లటి చిట్టి పండ్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. పక్కింటావిడ వాటిని హోలుండర్ అంది. ఫోన్‌లో వెతికితే ఎల్డర్‌బెర్రీ అని వచ్చింది. ఒకరు అమృతం అన్నారు, ఇంకొకరు విషం అన్నారు. ఎవరిని నమ్మాలి, ఇంట్లో ఎలా వండాలి, పిల్లల జలుబుకి సిరప్ కాచి ఇవ్వొచ్చా, కాచినది ఎన్నాళ్ళు నిలవుంటుంది అని.

నేను ఈ ఊళ్ళోనే 19 ఏళ్ళుగా ఉంటున్నాను. ఏటా ఆగస్టు చివర మొదలుపెట్టి సెప్టెంబరంతా ఈ పండ్లతోనే నా వంటిల్లు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఇద్దరు చెప్పిందీ నిజమే. ఈ పండు చెట్టు మీద నుంచి కోసి నోట్లో వేసుకునేది కాదు. పొయ్యి మీద బాగా ఉడికితేనే అది తినే వస్తువు. ఈ చెట్టు ఆకులో, కొమ్మలో, కాడలో, పచ్చికాయలో, పండు లోపలి గింజలో సాంబునిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. నలిగినప్పుడు, నమిలినప్పుడు దాన్నుంచి సయనైడ్ విడుదలవుతుంది. ఆ పేరు వినగానే భయపడకండి, మనకిది కొత్త సంగతేం కాదు. గోదావరి జిల్లాల్లో సగ్గుబియ్యం తీసే కర్రపెండలంలో ఉన్నదీ ఇదే కోవ పదార్థం. అందుకే ఆ దుంపని మనం పచ్చిగా తినం, ఉడకబెట్టే తింటాం. చేలో కామంచి పండ్లు ఏరుకుని తిన్నవాళ్ళకి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. నల్లగా పండినవి తినమనేవాళ్ళు, పచ్చివి ముట్టుకోవద్దనేవాళ్ళు పెద్దవాళ్ళు. ఎల్డర్‌బెర్రీకి ఇంకో మెట్టు ఎక్కువ: పండినది కూడా ఉడకాల్సిందే.

ఉడకకపోతే ఏమవుతుందో చెప్పే సంఘటన ఒకటి జరిగింది. 1983 ఆగస్టులో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మాంటెరే ప్రాంతంలో ఊరికి దూరంగా ఒక బృందం సమావేశమైంది. అక్కడ అడవిలో దొరికిన ఎల్డర్‌బెర్రీలను ఆకులతో, కొమ్మలతో కలిపి పిండి, ఆ పచ్చి రసం తాగారు. అక్కడున్న 25 మందిలో 11 మందికి పావుగంటలోనే వికారం, వాంతులు మొదలయ్యాయి. 8 మందిని హెలికాప్టర్లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఐదు గ్లాసులు తాగిన ఒకరిని ఆ రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచారు. అందరూ కోలుకున్నారు. వాళ్ళ తప్పు రెండు చోట్ల ఉంది చూడండి: ఆకూ కొమ్మా ఏరెయ్యలేదు, పొయ్యి మీద పెట్టలేదు.

మా ఇంట్లోనూ చిన్నపాటిది జరిగింది. మొదటి ఏడాది నేను రసం ఒక్క పొంగు రాగానే దించేశాను, రంగు పోతుందేమోనని. కాడలు కూడా సగం అలాగే ఉండిపోయాయి. ఆ రాత్రి మా ఆయనా నేనూ ఇద్దరం వాంతులతో తెల్లవార్లూ కూర్చున్నాం. మర్నాడు కింది అంతస్తులో ఉండే జర్మన్ పెద్దావిడ చెబితే తెలిసింది. 20 నిమిషాలకి తక్కువ ఆవిడ ఎప్పుడూ ఉడికించలేదట. అప్పట్నుంచి నేనూ ఆ లెక్క తప్పలేదు, మళ్ళీ ఏ ఇబ్బందీ రాలేదు. మీ పిల్లలు ఎప్పుడైనా పచ్చివి గుప్పెడు తినేస్తే ఇంటి వైద్యాలు పెట్టుకోకుండా విష సమాచార కేంద్రానికి ఫోన్ చెయ్యండి. మన హాంబర్గ్‌తో పాటు ఉత్తరాది రాష్ట్రాలకి అది గోటింగెన్‌లో ఉంది. ఏం తిన్నారు, ఎన్ని తిన్నారు అని అడిగి ఏం చెయ్యాలో చెప్తారు.

ఇక చెట్టు గుర్తుపట్టడం. మీకు కావలసింది నల్ల ఎల్డర్. అది కొయ్య తేలిన పొద, ఒక్కోచోట చిన్న చెట్టంత అవుతుంది. ముదురు కొమ్మల బెరడు మీద గరుకుగా చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. ఒక ఈనెకి ఐదో ఏడో ఆకులు, అంచు రంపంలా ఉంటుంది. పువ్వప్పుడు గొడుగులా నిటారుగా ఉన్న గుత్తి, పండేసరికి బరువుకి కిందికి వంగిపోతుంది. కాడలు ఊదా ఎరుపులోకి తిరుగుతాయి. లేత కొమ్మ ఒకటి విరిచి లోపలి బెండు చూడండి. తెల్లగా ఉంటే నల్ల ఎల్డర్. గోధుమ రంగులో ఉంటే ఎర్ర పండ్ల ఎల్డర్, దాని జోలికి పోకండి. ఆ పండ్ల గింజలు ఇంకా చెడ్డవి. పొలాల గట్ల మీద మరుగుజ్జు ఎల్డర్ అని ఇంకొకటి కనిపిస్తుంది. ఇదే అసలు మోసం చేసేది, ఎందుకంటే దాని పండ్లూ నల్లగానే ఉంటాయి. కానీ దానికి కొయ్య ఉండదు. ఏటా నేల లోంచి మొలిచే మెత్తటి మొక్క, మనిషి నడుము ఎత్తో ఛాతీ ఎత్తో ఉంటుంది. పండినా గుత్తులు నిటారుగానే ఉంటాయి, ఆకు నలిపితే వెగటు వాసన. పండు చూసి నిర్ణయించకండి, మొక్క మొత్తం చూసి నిర్ణయించండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళూ ఇది చదువుతారు కాబట్టి వాళ్ళకి ఒక ముక్క. మీ దగ్గర పోక్‌వీడ్ అనే మొక్కతో పొరపాటు పడుతుంటారు. దాని కాండం ముదురు గులాబీ రంగు, పండ్లు గొడుగు గుత్తిలా కాకుండా ఒకే కాడకి ద్రాక్షలా పొడుగ్గా వేలాడతాయి. అది విషం.

కోత గురించి. ఇక్కడి చట్టం ప్రకారం నిషేధం లేని చోట సొంతానికి కొద్దిగా కోసుకోవచ్చు. అమ్మకానికి కాదు, రక్షిత ప్రాంతాల్లో అసలు కుదరదు. రోడ్డు పక్కవీ, కుక్కల్ని తిప్పే దారి పక్కన నడుము ఎత్తులో ఉన్నవీ నేను ముట్టుకోను. గుత్తిలో అన్ని పండ్లూ నల్లబడే దాకా ఆగండి. మూడొంతులు నల్లగా, ఒక వంతు పచ్చగా ఉన్న గుత్తి దగ్గర తొందర పడితే ఇంటికొచ్చాక గంటసేపు ఏరుకుంటూ కూర్చోవాలి. కత్తెరతో గుత్తిని మొదట్లో కత్తిరించి బుట్టలో పరచండి. ప్లాస్టిక్ సంచిలో కుక్కితే అడుగువి చితికిపోతాయి. తెచ్చిన రోజే పని ముగించాలి, రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి పులిసిన వాసన వస్తుంది. మొదటిసారి రెండు కిలోల గుత్తులకి మించి తేకండి. ఆ పని ఎంతో చేస్తేగానీ తెలియదు.

పండ్లు దూసుకోవడమే ఇందులో పెద్ద పని. నేనొక వెడల్పాటి స్టీలు పళ్ళెం ముందు పెట్టుకుంటాను. గుత్తిని ఎడమ చేత్తో తలకిందులుగా పట్టుకుని, ఫోర్కు పళ్ళ మధ్యకి కాడ వచ్చేలా దూర్చి, పైనుంచి కిందికి నెమ్మదిగా దువ్వుతాను. జల్లున రాలతాయి. రాలిన పండ్లని దగ్గరగా చూస్తే మీకు బచ్చలి పండ్లు గుర్తొస్తాయి. అదే పరిమాణం, అదే నలుపు, గోరు తగిలితే అదే ఊదా రసం. చిన్నప్పుడు బచ్చలి పండ్లు నలిపి సిరా చేసుకున్న వాళ్ళకి ఈ రంగు ఎంత మొండిదో చెప్పక్కర్లేదు. లావు కాడలన్నీ పోవాలి. పండుని అంటుకున్న వెంట్రుకంత సన్నకాడ అక్కడక్కడా ఉండిపోతే ఫరవాలేదు, తర్వాత వడకట్టులో పోతుంది. దూసే ఓపిక లేకపోతే గుత్తుల్ని అలాగే సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచండి. గట్టిపడ్డాక సంచిని బయటినుంచి తట్టి విదిలిస్తే పండ్లు వాటంతట అవే రాలిపోతాయి. ఈ పద్ధతిలో సన్న పుల్లలు ఎక్కువ విరిగి కలుస్తాయి, అంతే తేడా.

రాలినవన్నీ పెద్ద గిన్నెడు నీళ్ళలో పొయ్యండి. పండినవి అడుక్కి పోతాయి. పచ్చివీ, ఎండిపోయినవీ, పుల్లలూ, పురుగులూ పైకి తేలతాయి. తేలినదంతా వంచి పారబొయ్యండి. రెండుసార్లు ఇలా చేస్తే మూడోసారికి నీళ్ళ మీద ఏమీ ఉండదు.

ఇక్కడ మన అలవాటు ఒకటి మానుకోవాలి. పండు కనిపిస్తే మిక్సీలో వేసి తిప్పడం. ఉడకక ముందు మిక్సీ వద్దు, గింజలు నలుగుతాయి. కుక్కర్ కూడా వద్దు. మూడు విజిల్స్ పెట్టొచ్చా అని నన్ను చాలామంది అడిగారు. ఈ పండు విపరీతంగా నురుగు కడుతుంది, ఆ నురుగు విజిల్ గొట్టంలోకి ఎగదన్నుతుంది. ఇంకా ముఖ్యమైన కారణం, మూత తీసే ఉడకాలి. హైడ్రోజన్ సయనైడ్ 26 డిగ్రీలకే ఆవిరయ్యే పదార్థం. మూత తీసి ఉంచితే ఆవిరితో పాటు పోతుంది. కిటికీ తెరిచి, చిమ్నీ వేసి ఉడికించండి.

గిన్నె స్టీలుదే పెట్టండి. అల్యూమినియం గిన్నె, ఇనుప మూకుడు వద్దు, రంగు చెడి రుచిలో లోహం తగులుతుంది. కిలో పండ్లకి ఒక గ్లాసు నీళ్ళు, అంటే 200 మిల్లీలీటర్లు చాలు. మొదట సన్న మంట. ఐదారు నిమిషాలకి పండ్లు పగిలి గిన్నె అడుగున నల్లటి రసం ఊరుతుంది. అప్పుడు పప్పుగుత్తితో మెల్లగా నొక్కండి. పప్పు మెదిపినట్టు కాదు, పండు పగిలితే చాలు. మధ్యలో గులాబీ రంగు నురుగు లేస్తుంది, గరిటెతో తీసెయ్యండి. మొత్తం కుతకుత ఉడకడం మొదలైన క్షణం నుంచి గడియారం చూసి 20 నిమిషాలు. ముందు వేడెక్కిన సమయం ఈ లెక్కలోకి రాదు. దించే ముందు గరిటెతో ఒక చుక్క తెల్ల పళ్ళెం మీద వెయ్యండి. మొదట్లో పలచగా ఊదాగా పారే రసం, ఉడికాక అంచుల్లో ముదురు ఎరుపుతో నిలబడుతుంది. వాసన కూడా మారుతుంది. మొదట ఆకుపసరు వాసన, చివరికొచ్చేసరికి నేరేడుపండు రసం కాచినట్టు.

పలచటి బట్టలో పోసి, పెరుగు మూట కట్టినట్టు కట్టి, కింద గిన్నె పెట్టి వేలాడదీయండి. జెల్లీ తేటగా కావాలంటే మూట పిండకూడదు. సూప్‌కీ సిరప్‌కీ అయితే పిండుకోవచ్చు. నాకు కిలో పండ్లకి ముప్పావు లీటరు దాకా వస్తుంది. ఇక్కడ చాలా ఇళ్ళలో ఆవిరి మీద రసం తీసే మూడంతస్తుల గిన్నె ఉంటుంది, చూడ్డానికి మన ఇడ్లీ పాత్రకి అక్కలా ఉంటుంది. అడుగున నీళ్ళు, పైన పండ్లు, మధ్యలో రసం చేరే గిన్నె, దానికొక రబ్బరు గొట్టం. ఏటా పది కిలోలు చేసేవాళ్ళకి బంగారం లాంటి వస్తువు, మీకు ఇప్పుడే అక్కర్లేదు. అందులో తీసినా, మూత వేసి ఉంటుంది కాబట్టి, రసాన్ని మళ్ళీ మూత లేకుండా పది నిమిషాలు మరిగిస్తాను నేను.

ఈ రసం మాత్రమే రుచి చూస్తే మీకు నచ్చకపోవచ్చు. ఘాటుగా, వగరుగా, మట్టి వాసనతో ఉంటుంది. పులుపు తక్కువ. నిమ్మకాయో, పుల్లటి ఆపిలో పడితేనే దీనికి ప్రాణం వస్తుంది. అందుకే ఈ ప్రాంతంలో దీన్ని ఆపిల్ లేకుండా వండరు.

మీరు మొదట చెయ్యాల్సిన వంట నా లెక్కలో సూపే. ఉత్తర జర్మనీలో దీన్ని ఫ్లీడర్‌బేరెన్‌జుప్పె అంటారు. ఈ పక్క హోలుండర్ పండునే ఫ్లీడర్‌బేరె అంటారు, మిగతా జర్మనీలో ఫ్లీడర్ అంటే లైలాక్, తికమక పడకండి. తియ్యటి వేడి సూప్, రవ్వ ఉండలతో. లీటరు రసానికి పావు లీటరు నీళ్ళు కలపండి. దాల్చినచెక్క వేలెడు ముక్క, నిమ్మతొక్క ఒక పట్టీ, చక్కెర 80 గ్రాములు వేసి మరిగించండి. బోస్‌కోప్ ఆపిల్స్ రెండు, తొక్క తీసి లావు ముక్కలు కోసి వెయ్యండి. ఎల్బే నది అవతల ఆల్టెస్ లాండ్ తోటల్లోంచి ఈ ఆపిల్స్ సెప్టెంబరు చివరికి సంతలోకి వస్తాయి. అవి లేకపోతే పుల్లగా ఉండే ఏ రకమైనా సరే. ముక్క మెత్తబడాలి గానీ చెదరకూడదు. రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ చల్లటి నీళ్ళలో కలిపి పోసి ఒక పొంగు రానివ్వండి. చారు కన్నా చిక్కగా, పాయసం కన్నా పలచగా ఉండాలి. దించాక అరచెక్క నిమ్మరసం పిండి, చక్కెర సరిచూసుకోండి.

రవ్వ ఉండలకి ఇక్కడివాళ్ళ పద్ధతి: పావు లీటరు పాలలో 20 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు వేసి కాగనిచ్చి, 70 గ్రాముల రవ్వ పోసి ఉప్మా లాగే కలుపుతారు. గిన్నె అడుగు వదిలి ముద్దయ్యే దాకా తిప్పి, కొంచెం ఆరాక ఒక గుడ్డు కొట్టి కలుపుతారు. రెండు చెంచాలతో ముద్దలు తీసి, ఉప్పు నీళ్ళు సన్నగా మరుగుతుండగా అందులో వేస్తారు. పైకి తేలి ఐదు నిమిషాలు ఉంటే అయినట్టే. మన బొంబాయి రవ్వ దీనికి చక్కగా సరిపోతుంది.

మా ఇంట్లో గుడ్డు తినని అత్తగారి కోసం నేను ఇంకో దారి పట్టాను. ఈ పండు సరిగ్గా వినాయక చవితి రోజులకే పండుతుంది. నైవేద్యం పెట్టిన ఉండ్రాళ్ళు మిగిలితే సాయంత్రం ఈ సూప్‌లో వేశాను. అప్పట్నుంచి అదే మా ఇంటి ఆనవాయితీ అయిపోయింది. ఒకటికి రెండు నీళ్ళు పెట్టి, ఉప్పు, చెంచాడు నెయ్యి వేసి బియ్యపు రవ్వ ఉడికించండి. శనగపప్పు, జీలకర్ర దీనికి వద్దు. ఉసిరికాయంత ఉండలు చేసి ఆవిరి మీద పది నిమిషాలు. వేడి సూప్‌లో వేసి పావుగంట వదిలేస్తే తెల్ల ఉండ చుట్టూ ఊదా పొర పట్టి, కొరికితే లోపల తెల్లగా ఉంటుంది. మా పిల్లలు ఇద్దరూ జ్యూస్ ముట్టరు గానీ ఇది గిన్నెలు గిన్నెలు తింటారు.

జెల్లీ సంగతి సులువు. ఇక్కడ దుకాణాల్లో జెల్లీ కోసమే, గట్టిపడేలా చేసే పెక్టిన్ కలిపిన చక్కెర దొరుకుతుంది. శాకాహారులు అడుగుతుంటారు, అందులో ఉండేది జంతువుల నుంచి తీసే జెలటిన్ కాదు, ఆపిల్, నిమ్మజాతి పండ్ల నుంచి తీసిన పెక్టిన్. అర లీటరు ఎల్డర్‌బెర్రీ రసం, పావు లీటరు ఆపిల్ రసం, ఒక నిమ్మకాయ రసం, రెండుకి ఒకటి అని రాసి ఉన్న ఆ చక్కెర 500 గ్రాములు. లోతైన గిన్నె తీసుకోండి, సగానికి మించి నింపకండి, బాగా పొంగుతుంది. గరిటె పెట్టి తిప్పినా ఆగనంత ఉధృతంగా మరుగుతుండగా 4 నిమిషాలు. ఫ్రిజ్‌లో పెట్టిన పళ్ళెం మీద ఒక చెంచా వేసి, నిమిషం ఆగి వేలితో తోయండి. ముడత పడితే దించెయ్యొచ్చు, పడకపోతే ఇంకో నిమిషం. మరిగే నీళ్ళతో కడిగిన వేడి సీసాల్లో అంచు దాకా నింపి వెంటనే మూత బిగించండి. పెరుగులో కలుపుకోండి, దోశ మీద వెన్నతో రాసుకోండి.

ఇప్పుడు సిరప్. అసలు మీ ప్రశ్న ఇదే అని నాకు తెలుసు. లీటరు రసానికి అరకిలో చక్కెర, రెండు నిమ్మకాయల రసం, నాలుగు లవంగాలు, దాల్చినచెక్క, దంచిన అల్లం ముక్క, ఆరేడు మిరియాలు. పది నిమిషాలు మరిగించి వడకట్టి సీసాలో పోస్తే ఫ్రిజ్‌లో మూడు వారాలు వాడుకోవచ్చు. మిగతాది ఐసు ట్రేలలో గడ్డ కట్టించి సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి, చలికాలమంతా వస్తుంది. చలిలో బడి నుంచి వచ్చిన పిల్లలకి వేడి నీళ్ళలో రెండు గడ్డలు వేసి ఇస్తే గొంతుకి హాయిగా ఉంటుంది. మన మిరియాల కషాయం ఇచ్చినట్టే ఇది కూడా ఇవ్వండి.

కానీ మందు అనుకుని ఇవ్వకండి. ఫ్లూ మీద దీన్ని పరీక్షించిన వాళ్ళున్నారు. 2004లో వచ్చిన నార్వే పరిశోధన ఒకటి 60 మంది మీద చేసి, సిరప్ తీసుకున్నవాళ్ళకి నాలుగు రోజులు ముందే నెమ్మదించిందని రాసింది. సిరప్ అమ్మేవాళ్ళు చూపించేది దాన్నే. 2020లో అమెరికాలో ఎమర్జెన్సీ విభాగానికి వచ్చిన ఫ్లూ రోగుల మీద చేసిన పరీక్షలో ఎల్డర్‌బెర్రీ తీసుకున్నవాళ్ళకీ తీసుకోనివాళ్ళకీ తేడా ఏమీ కనిపించలేదు. పిల్లవాడికి జ్వరం దిగకపోతే, ఊపిరి ఎగపోస్తుంటే సీసా పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఈ విషయంలో నేను గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే సిరప్ పోస్తూ నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచేసిన తల్లిదండ్రుల్ని చూశాను. చక్కెర బదులు తేనె వేసేవాళ్ళు ఏడాది నిండని పాపాయికి అది చుక్క కూడా పెట్టకూడదు, తేనెతో చిన్న బిడ్డలకి బొటులిజం, అంటే కండరాలు చచ్చుబడేలా చేసే జబ్బు, వచ్చే ప్రమాదం ఉంది.

నిలవ గురించి ఇంకొంచెం. మనం ఆవకాయ ఏడాది పాటు జాడీలో పెట్టే జనం కాబట్టి సీసాలో పోసి మూత పెడితే ఉంటుందిలే అనుకుంటాం. ఆవకాయని కాపాడేది మామిడి పులుపు, ఉప్పు, నూనె, ఆవపిండి. ఎల్డర్‌బెర్రీకి ఆ పులుపు లేదు. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు. అది 4.6 దాటిన వస్తువుని గాలి చొరని సీసాలో బయట ఉంచితే బొటులిజం క్రిమి పెరగగలదు. ఈ పండు ఆ గీతకి దగ్గర్లోనే ఉంటుంది. అమెరికా రకాలైతే కొన్ని గీత దాటే ఉంటాయి. అందుకని నిమ్మరసం రుచికోసం అనుకుని మానెయ్యకండి. అమెరికాలో సీసాలు పట్టేవాళ్ళు దుకాణంలో దొరికే సీసా నిమ్మరసమే వాడాలి, దాని పులుపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, తాజా కాయది ఒక్కో కాయకీ మారుతుంది. చక్కెర నిండుగా ఉన్న జెల్లీ తప్ప మిగతావన్నీ నేను ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో పెడతాను. సీసా మూత ఉబ్బినా, తీయగానే బుస్సుమన్నా రుచి కూడా చూడకుండా పారెయ్యాలి.

పచ్చడి పెట్టొచ్చా అని మీరు అడగలేదు గానీ రేపు మీకే తోస్తుంది. పెట్టొచ్చు. ఇంగ్లండులో వెనకటికి లండన్‌లోని పాంటాక్ సత్రం పేరు మీద వెనిగర్, లవంగం, అల్లం, మిరియాలతో ఎల్డర్‌బెర్రీ పులుసు ఒకటి కాచేవాళ్ళు, మాంసంలోకి నంజుకోవడానికి. అది మన పుల్లటి కారప్పచ్చడికి దూరపు చుట్టమే. నేను చేసేది ఇలా: అరకిలో పండ్లు 20 నిమిషాలు ఉడికించి, జల్లెడ మీద గరిటెతో రుద్ది గింజలు తీసేస్తాను. ఆ గుజ్జులో నిమ్మకాయంత చింతపండు పులుసు, 60 గ్రాముల బెల్లం, ఉప్పు వేసి దగ్గరపడే దాకా ఉడికిస్తాను. దించాక చెంచాన్నర కారం, అర చెంచా మెంతిపిండి కలిపి, నువ్వులనూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెడతాను. పసుపు మాత్రం వెయ్యకండి, ఊదా రంగు మీద పసుపు పడితే బురద రంగుకి తిరుగుతుంది. పెసరట్టులోకి చాలా బాగుంటుంది. ఫ్రిజ్‌లో రెండు వారాలు.

జూన్‌లో వచ్చే పువ్వు సంగతి వచ్చే ఏడాది చూసుకుందాం. ఇక్కడ గుత్తిని గుత్తిగానే పలచటి పిండిలో ముంచి గుమ్మడిపువ్వు బజ్జీలా వేయిస్తారు, కాడ పట్టుకుని పువ్వు కొరుక్కుని కాడ వదిలెయ్యాలి. ఐకియాలో దొరికే తియ్యటి పానీయం పువ్వుదే, పండుది కాదు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి తాజా పండు దొరకదు, మన ఊళ్ళలో ఈ చెట్టు లేదు. ఎండువి ఆన్‌లైన్‌లో వస్తాయి. అవి కూడా నానబెట్టిన నీళ్ళు తాగేవి కావు. లీటరు నీళ్ళలో 60 గ్రాములు రాత్రంతా నానేసి, మర్నాడు మూత తీసి 40 నిమిషాలు కాచి వడకట్టాలి.

ఆఖరుకి గిన్నె కడగడం, దీని గురించి ఎవరూ చెప్పరు. ఉడికించిన గిన్నె అంచుల్లో, జల్లెడలో ఆకుపచ్చటి జిగురు పట్టుకుంటుంది. సబ్బు, పీచు ఎంత రుద్దినా పోదు, పైగా పీచు పాడవుతుంది. చెంచా వంటనూనె వేసి చేత్తో రుద్దండి, పనసకాయ జిగురు వదిలినట్టు వదిలిపోతుంది, ఆపైన సబ్బు. బట్ట మీద మరక పడితే వెంటనే సబ్బు పెట్టకండి. ఈ రంగు క్షారం తగిలితే నీలంగా, పులుపు తగిలితే ఎర్రగా మారుతుంది. సున్నం పడి పసుపు పారాణిగా ఎర్రబడటం మీరు చూసే ఉంటారు, అలాంటిదే. మరక ఆరకముందే నిమ్మరసం పిండి, వేడినీళ్ళు ఎత్తు నుంచి ధారగా పొయ్యండి. 18వ శతాబ్దంలో పోర్చుగల్ వ్యాపారులు పలచటి పోర్ట్ వైన్‌కి ముదురు రంగు రావడానికి ఈ రసమే కలిపేవాళ్ళు. ఆ కల్తీ ఆపడానికి పోంబాల్ అనే మంత్రి దోరో లోయలో ఎల్డర్ చెట్లన్నీ పీకించాడు. అంత రంగు ఇది. పండ్లు దూసే రోజు పాత చీరో నల్ల చొక్కానో వేసుకోండి, బల్ల మీద పాత పేపర్లు పరవండి.

ముందు ఒక లేత కొమ్మ విరిచి బెండు చూడండి. బెండు, ఆకు, బెరడు, గుత్తి, నాలుగూ ఒకే ఫోటోలో కనపడేలా తీసి ఇక్కడ పెట్టండి. మీ పక్కింటావిడని కూడా చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి చూపించండి. రెండు వైపుల నుంచీ అదే అని తేలాకే కత్తెర తియ్యండి.